ఎనిమిదో వంతు

గజేందర్ ఆ మాట అడిగిన రోజు నేను స్టోర్ కౌంటర్ వెనక చేతి తొడుగుల డబ్బాలు పేరుస్తున్నాను. పగలు పదకొండు గంటలయింది. ఎండకు రేకుల కప్పు అక్కడక్కడా టిక్కుటిక్కుమంటోంది.

"తిరుమలన్నా, నా హెల్మెట్‌కు నూకలు చెల్లినయట. మార్చుకొమ్మన్నడు సేఫ్టీ ఆయన."

"అప్పుడే ఐదేండ్లయిందా?"

"నువ్వే ఇచ్చినవ్ గదనే. నువ్వే సూడు."

తిప్పి చూశాను. ప్రతి హెల్మెట్‌కూ అంచు లోపలి వైపు గడియారంలాంటి చిన్న అచ్చు ఉంటుంది. అందులో ఒక బాణం గుర్తు, అది తయారైన నెల దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఐదేళ్లు దాటితే ఆ హెల్మెట్ తలను కాపాడదని కంపెనీ నమ్మకం. గజేందర్‌ది పసుపు రంగు, వెలిసి ఎండుగడ్డిలా అయింది. ఎడమవైపు ఒక సొట్ట. వెనక చీలిన చోట నీలం టేపు. చీకట్లో తడిమినా అది ఎవరిదో చెప్పగలను.

ఈ ఏడాది నుంచి క్రేన్ కింద పనిచేసే రిగ్గర్లకు నారింజ రంగు ఇమ్మన్నారు. డబ్బా విప్పి కొత్తది ఇచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తలకు పెట్టుకున్నాడు.

"మార్చి ఆఖరుకు ఇంటికి పొయ్యేటోనికి కొత్త హెల్మెట్. పెండ్లయినంక బాజాలు తెచ్చినట్టుంది," అని నవ్వాడు. తర్వాత కౌంటర్ మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు. "అన్నా, ఒకటడుగుత. నవ్వొద్దు."

"అడుగు."

"ఈసారి నన్ను మొదలు లేపుతవా? ఒక్కసారి. ఇగ మళ్ల రాను గద."

నేను నవ్వాను. నవ్వొద్దన్నవాడు తనూ నవ్వాడు. తలుపు అవతలి తెల్లని వెలుగులో నారింజ చుక్క ఒకటి చిన్నదవుతూ పోయింది. పాత హెల్మెట్ కౌంటర్ మీద మిగిలింది. రూలు ప్రకారం దాన్ని అదే రోజు రంపంతో నిలువునా కోసి పారేయాలి, మరెవరూ పెట్టుకోకుండా. నేను దాన్ని పై అరలో, డబ్బాల వెనక పెట్టాను. రేపు కోయవచ్చులే అనుకున్నాను.

*

మా ఆట గురించి కొంచెం చెప్పాలి.

ఈ గల్ఫ్ ఎడారిలో, బిర్కత్ అల్ అవామిర్‌లో మా క్యాంపు వెనక గట్టిపడిన ఇసుక నేల ఉంది. చలికాలం నాలుగు నెలలూ శుక్రవారం అక్కడ హాకీ. కెప్టెన్ కాక జట్టుకు ఏడుగురు, మార్పుకు పైన ఒకడు. నాలుగు జట్లు. నీళ్లు లేని చోట ఆడతాం కనుకనేమో, జట్లకు నదుల పేర్లు పెట్టుకున్నాం: గోదావరి, మహానది, రావి, పెరియార్. ఏ జట్టూ ఒక ఊరిది కాదు. ఏటా డ్యూటీలు మారతాయి, కొందరిని దూరంగా రాస్ లఫాన్ సైట్‌కు పంపుతారు, కొందరు ఇంటికి పోతారు. అందుకని ప్రతి డిసెంబరులో జట్లను మళ్లీ మొదటి నుంచీ ఎంచుకోవాలి.

ఎంచుకునే పద్ధతిని ఎప్పుడో ఒక ముసలి ఫోర్‌మన్ పెట్టిపోయాడట. ముప్పైరెండు మంది తమ హెల్మెట్లను నేల మీద వరుసగా పెట్టి, పక్కన ఆపిన క్యాంపు బస్సు వెనక్కి వెళ్లిపోతారు. నలుగురు కెప్టెన్లు వంతులవారీగా వచ్చి ఒక్కో హెల్మెట్ లేపుతారు. లేపాక పేరు పిలుస్తారు, పిలిచినవాడు బస్సు వెనక నుంచి పరుగెత్తి వస్తాడు. ముఖాలు చూస్తూ కాదనడం ఎవరికైనా కష్టం. హెల్మెట్‌ను దాటిపోవడం తేలిక. ఆ ముసలాయన మనుషుల మీద దయతోనే అలా పెట్టి ఉంటాడు. దయ కోసం పెట్టిన పద్ధతులు మనకు ఇంకేం నేర్పుతాయో ఆయన ఆలోచించి ఉండడు.

గోదావరికి ఆరేళ్లుగా నేను కెప్టెన్‌ను. జగిత్యాల హాస్టల్ బడిలో హాకీ కర్ర పట్టిన ఒక్క కారణానికి. గజేందర్‌ది మెట్‌పల్లి. ఇక్కడికి వచ్చేదాకా హాకీ కర్ర ముట్టినవాడు కాదు. క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేయడం అతని పని. వేలాడే ఇనుము గాలికి ఎటు ఊగుతుందో ఊగకముందే తెలుసుకోవాలి. బంతి విషయంలోనూ అంతే. పరుగెత్తడు. బంతి రాబోయే చోటుకు ముందే పోయి, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా నిలబడతాడు. చూసేవాళ్లకు బంతే అతని దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది.

అలాంటివాణ్ని ఐదేళ్లూ నా ఎనిమిదో వంతులో, అంటే చిట్టచివర, తీసుకుంటూ వచ్చాను. అది నా తెలివి అనుకునేవాణ్ని.

*

ట్రయల్ మ్యాచ్‌ల మర్నాడు కమాలుద్దీన్ ఫోన్ చేశాడు. నిజామాబాద్ ఆయన, మా టైమ్‌కీపర్, ఫోన్లో మా హాకీ గ్రూపు కూడా ఆయనే నడుపుతాడు.

"తిరుమల్ సాబ్, పికింగ్ శుక్రారం ఉన్నది గదా. అందాక గ్రూపుల జర మజా కావాలె. పాతయన్నీ తీయుండ్రి. ఏ యేడు ఎవర్ని లేపిన్రు, ఎవడు హీరో అయిండు, ఎవడు జీరో. కెప్టెన్లందరు రాస్తున్నరు. మీరు గూడ రాయాలె."

"నాకెందుకు కమాల్ భాయ్?"

"మీకాడ పుస్తకం ఉన్నది గదా! తతిమ్మవాళ్లు యాది మీద రాస్తరు. యాది అబద్ధాలాడ్తది."

నా దగ్గర పుస్తకం ఉన్నమాట నిజమే. స్టోర్‌కీపర్‌కు రాయడం జబ్బు. ట్రయల్ చూసినప్పుడు ఎడమ పేజీలో ప్రతివాడి గురించీ ఒక ముక్క, సీజన్ అయ్యాక కుడి పేజీలో మరో ముక్క.

సాయంత్రానికే గ్రూపు వేడెక్కింది. మహానది కెప్టెన్ రత్నాకర్ ఒడిశావాడు, వెల్డర్. మా మూడో ఏటి పికింగ్‌ను బయటికి లాగాడు. ఆ ఏడు నేను మొదటి వంతులో ఆరడుగుల పంజాబీ వెల్డర్‌ను లేపాను. అతను కొట్టిన మొదటి బంతి క్యాంపు గోడ దాటిపోయి ఇప్పటిదాకా దొరకలేదు. మూడో వారంలో అతన్నే రాస్ లఫాన్‌కు పంపేశారు. ఆ రోజే నేను దాటిపోయిన హెల్మెట్ గయాజ్‌ది. హైదరాబాద్ కుర్రవాడు, తర్వాత మూడేళ్లూ మా గోల్‌లోకే పద్నాలుగు బంతులు కొట్టాడు.

"గయాజ్‌ను వదిలి గోడ దాటించేటోన్ని తెచ్చిండు," అని ఎవరో తెలుగులోనే పెట్టారు. "బంతి కూడా రాస్ లఫాన్‌కే పోయింది కావచ్చు," అని ఇంకొకరు.

నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాను. వెనక్కి చూసి తీర్పు చెప్పడంలో ఒక సుఖం ఉంది. తెలియనితనం ఎంత పెద్ద గదో, అందులో ఎంతసేపు తడుముకుంటూ నిలబడ్డామో మరిచిపోతాం. దీపం వెలిగాక తలుపు ఎక్కడుందో ఎవరైనా చెబుతారు.

ఆదివారం నాకు మధ్యాహ్నం నుంచి సెలవు దొరికింది. పక్క మీద పడుకుని పుస్తకం తెరిచాను. ఎడమ పేజీలు ఎప్పుడూ డిసెంబరులో చదువుతాను, కుడి పేజీలు మార్చిలో. రెండింటినీ కలిపి చదివింది ఎన్నడూ లేదు. ఇప్పుడు గజేందర్ పేరున్న వరుసల మీద మాత్రమే వేలు నడిపించాను.

ఎడమవైపు: నెమ్మది. మూడు బంతులు వదిలాడు. కుడివైపు: ఇతన్ని దాటి ఏదీ పోలేదు.

మరుసటేడు ఎడమవైపు: కర్ర సరిగా పట్టలేదు, నాలుగు వదిలాడు. కుడివైపు: ఫైనల్ ఇతనివల్లే.

తర్వాతి ఏడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఐదేళ్లలో ట్రయల్ రోజున అతను బంతి సరిగా ఆపిన ఒక్క మాట కూడా ఎడమ పేజీల్లో లేదు.

పుస్తకం గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఏసీ చప్పుడు నీళ్ల చప్పుడులా ఉంది. సగం నిద్రలో ఒక పొడుగాటి వరుస కనిపించింది. హెల్మెట్ల కింద మనుషులు మెడదాకా ఇసుకలో దిగి ఉన్నారు. నేను నడుస్తుంటే ఒక్కొక్కరూ కళ్లెత్తి చూస్తున్నారు. ఒకడు మాత్రం తనకు తానే హెల్మెట్‌ను ముక్కు మీదికి లాక్కున్నాడు.

లేచి కూర్చున్నాను. వేరే కెప్టెన్ ఎవడూ తనను లేపకుండా ఉండటానికి, ఏటా ట్రయల్లో కావాలని బంతులు వదిలాడు గజేందర్. నా ఎనిమిదో వంతు దాకా నేల మీదే మిగిలిపోవడానికి. నేను ఎవరూ చూడని బంగారాన్ని కనిపెట్టానని ఐదేళ్లు మురిసిపోయాను. బంగారం తనే మన్ను పూసుకుని కూర్చుంది. ఎంచుకున్నది నేను కాదు.

మరి నేనేం చేశాను? వీణ్ని ఎవడూ తీసుకోడు, మన దగ్గరికే వస్తాడులే అనుకున్నాను. మనదే అనుకున్నదాన్ని ముందు తీసుకోవడం దండగ అని లెక్క వేశాను. ఏటా ముప్పై హెల్మెట్లు లేచేదాకా అతను బస్సు వెనక నిలబడి ఇతరుల పేర్లు విన్నాడు.

అప్పుడు ఇంకోటి తట్టింది. మొన్నటి ట్రయల్లో గజేందర్ ఒక్క బంతి కూడా వదల్లేదు. నేను ఎడమ పేజీలో ఆ మాట రాశాను కూడా. రాసేటప్పుడు ఆశ్చర్యం కూడా కలగలేదు. పక్కన కూర్చున్న రత్నాకర్ నములుతున్న వేపపుల్ల నోట్లోంచి తీసి చూస్తుండిపోయాడు.

ఒక్కసారి మొదలు లేపుతవా అని అడిగాక, ఇక దాక్కోవడం మానేశాడు. ఇప్పుడు నేను ముందు లేపకపోతే రత్నాకర్ లేపుతాడు.

*

గురువారం సాయంత్రం కమాలుద్దీన్ తన హెల్మెట్‌లో నాలుగు చీటీలు వేసి ఊపాడు. నాకు ఒకటో నంబరు వచ్చింది.

"మొదటి వంతు మీదే. మరి ఆఖరి హెల్మెట్ గూడ మీకే," అన్నాడు కమాలుద్దీన్. వంతులు ఒక చుట్టు ఇటు నుంచి, మరో చుట్టు అటు నుంచి నడుస్తాయి. అందుకని ఎనిమిదో చుట్టులో చివర మిగిలేది మొదటివాడికే వస్తుంది. "గీసారి గయాజ్‌ను ఇడిసిపెడ్తే గ్రూపుకెల్లి తీసేస్త మిమ్మల్ని."

గదికి వచ్చి పుస్తకంలో కొత్త పేజీ తెరిచాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, ఒకటి పక్కన గజేందర్ అని రాశాను. జరగనిదాన్ని ముందే రాయడం నాకు అలవాటు లేదు. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్లకు నాకు నేను నచ్చాను. ఆ నచ్చడాన్ని కాస్త అనుమానించి ఉండాల్సింది.

*

శుక్రవారం తెల్లారేసరికి మంచు దిగింది. డిసెంబరులో ఇక్కడ కొన్ని పొద్దులు అలాగే ఉంటాయి. సముద్రం లేచి వచ్చి ఎడారి మీద పడుకున్నట్టు ఉంటుంది. ఏడు గంటలకు కూడా బస్సు పసుపు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మనుషులంతా దాని వెనక ఉన్నారు. దగ్గులు వినబడుతున్నాయి, ముఖాలు లేవు. నేల మీద హెల్మెట్ల వరుస ఐదారు దాకా కనిపించి ఆపైన తెలుపులో కలిసిపోయింది.

"ముప్పైరెండు ఉన్నయి, లెక్కబెట్టిన," అన్నాడు కమాలుద్దీన్. "తిరుమల్ సాబ్, యల్లా, నడువుండ్రి."

నడిచాను. ప్రతి అడుగుకూ ఒక హెల్మెట్ మంచులోంచి పైకి తేలి, వెనక్కి పోయి మునిగిపోతోంది. నీలం. తెలుపు. పసుపు, కానీ సొట్ట లేదు. ఆకుపచ్చ. పసుపు, కానీ టేపు లేదు. చివర్లో ఒక నారింజ రంగుది, దుమ్ము పట్టినా మెరుపు పోనిది. కొత్తగా వచ్చినవాడెవడో అనుకుని దాటాను. వెనక్కి తిరిగి మళ్లీ వచ్చాను. ఎండుగడ్డి రంగు, ఎడమవైపు సొట్ట, నీలం టేపు. లేదు. వంగి వంగి మూడోసారి చూశాను. వరుసలోనూ లేదు, వరుస అవతలా లేదు.

"క్యా భాయ్, హెల్మెట్ లేపుతున్నవా, వడ్లు ఏరుతున్నవా?" కమాలుద్దీన్ కేక వేశాడు. కెప్టెన్లు నవ్వారు.

రాలేదు. డ్యూటీ పడి ఉంటుంది. క్రేన్ పని ఉంటే శుక్రవారమైనా పిలుస్తారు. ముప్పైరెండు ఉన్నాయంటే అతని బదులు ఎవరో వచ్చి ఉంటారు. మనసు ఎంత చకచకా కథ అల్లుకుంటుందో. ప్రతి ముడీ గట్టిగానే ఉంది. చార్మినార్ స్టిక్కర్ ఉన్న నీలం హెల్మెట్‌ను లేపాను.

"గయాజ్!"

బస్సు వెనక నుంచి ఈలలు. గయాజ్ మంచును చీల్చుకుని వచ్చి సలాం చేశాడు. "చివరికి నా మీద దయగలిగింది కెప్టెన్," అన్నాడు.

"మాషా అల్లా, ఆరేండ్లకు అకల్ వచ్చింది," అన్నాడు కమాలుద్దీన్.

రెండో వంతు రత్నాకర్‌ది. అతనూ వరుస చివరిదాకా నడిచాడు. అతనూ తిరిగి వచ్చాడు. నా పక్కన ఆగి, ఆ పసుపు హెల్మెట్ రిగ్గర్ రాలేదా అని మెల్లిగా అడిగాడు. "వో రిగ్గర్ నహీ ఆయా క్యా? పీలావాలా?"

"పతా నహీ," అన్నాను, తెలియదని.

అప్పుడు నాలో ఏం కదిలిందో దాచను. ఊరట. నాకు దొరక్కపోయినా ఇతనికీ దొరకలేదని. ఆ ఊరట వెచ్చగా, చిన్న జంతువులా గుండెలో ఒదిగి కూర్చుంది. దాన్ని తరమలేదు.

రెండో చుట్టు, మూడో చుట్టు. పేర్లు, పరుగులు, ఈలలు. హెల్మెట్లు తగ్గుతున్నకొద్దీ మంచు కూడా పలచబడుతోంది. ప్రతి వంతులోనూ ముందు పసుపునే వెతికాను, లేకపోతే దొరికినదాన్ని లేపాను. నారింజ హెల్మెట్ జోలికి ఎవరూ పోలేదు. కొత్త హెల్మెట్ అంటే ట్రయల్ తప్పిపోయిన కొత్త మనిషి. తెలియనివాణ్ని ఎవడు తీసుకుంటాడు?

ఎనిమిదో చుట్టులో రత్నాకర్ తన చివరిదాన్ని లేపాక, నేల మీద అదొక్కటే మిగిలింది.

వెళ్లి చేతుల్లోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. అలవాటు కొద్దీ తిప్పి అంచు లోపల చూశాను. చిన్న గడియారం. అందులో బాణం కిందటి ఆగస్టును చూపిస్తోంది. నా స్టోర్‌కు వచ్చిన డబ్బాల మీద ఉన్న నెల అదే. డబ్బా విప్పింది నా చేతులే.

"ఎవరిది?" అని అడగాలి. నేను ఆ గడియారాన్నే చూస్తున్నాను. కమాలుద్దీనే అరిచాడు. "అరే, గీ నారింజపండు ఎవరిదిరా?"

"నాదే," అని బస్సు వెనక నుంచి జవాబు వచ్చింది.

ఐదేళ్లూ ఎనిమిదో వంతు వచ్చేసరికి నేను అటు వీపు తిప్పి, వచ్చిన ఏడుగురిని లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ని. గజేందర్ పేరును భుజం మీంచి వెనక్కి విసిరేవాణ్ని. చివరివాడు ఎలా నడిచి వస్తాడో ఎన్నడూ చూడలేదు. ఇవాళ చూశాను. అతను పరుగెత్తడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబులో పెట్టుకుని, ఒకసారి తీసి, నేల చూస్తూ వస్తాడు. బస్సు నుంచి నా దాకా ముప్పై అడుగులుంటాయి. మంచు అతన్ని కొంచెం కొంచెంగా వదిలిపెట్టింది.

దగ్గరికి వచ్చి తలెత్తాడు. నవ్వుదామా వద్దా అన్నట్టున్నాయి పెదవులు.

"మళ్ల ఆఖరుకేనా అన్నా."

"నేను నిన్నే దేవులాడిన గజేందర్. మూడుసార్లు తిరిగిన. నీ హెల్మెట్ కనవడలే. పాతది..."

"పాతది నీకాడనే ఉన్నది గదనే."

ఆ మాటలో కోపం లేదు. రిజిస్టర్‌లో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించినట్టు మామూలుగా అన్నాడు. ఇతరులు మరిచిపోవచ్చు, వాళ్లకు తెలియదు. నా చేత్తో ఇచ్చి, నా చేత్తో పాతదాన్ని దాచి, దాన్నే ఇసుకలో వెతికాను. నేను ఐదేళ్లు కనిపెట్టి ఉన్నది ఒక సొట్టను, ఒక టేపును. లేదా నాలో ఎక్కడో ఒకడు ఇంకా ఎనిమిదో వంతు దగ్గరే కూర్చుని ఉన్నాడు, ప్రతి ఏటిలాగే వస్తాడులే అని. రెంటిలో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

"దాన్ని కోసినవా?" అన్నాడు.

"లేదు."

"ఎందుకు?"

"రేపు కోద్దామనుకున్న."

అతను ఈసారి నిజంగానే నవ్వాడు. "ట్రయల్ల గంత మంచిగ ఆడితినే. ఎవడన్న మొదలు లేపకపోతాడా అనుకున్న. నువ్వన్న, రత్నాకరన్న."

"అంతకుముందు ఎందుకు ఇడిసిపెట్టినవ్ బంతులు?"

నా చేతిలోని హెల్మెట్‌ను తీసుకుని, లోపలి పట్టీ సరిచేసుకున్నాడు. "నీ టీమ్ల మన మాట ఇనవడ్తది గద అన్నా," అన్నాడు. "పొద్దంత సైగలే నాకు. గీడనే గద మాట్లాడేది."

అప్పుడు జేబులోంచి పుస్తకం తీశాను. తీస్తున్నప్పుడే సిగ్గేసింది, కోర్టులో కాగితం చూపించేవాడిలా. అయినా ఆ పేజీ తెరిచి ఇచ్చాను. ఒకటి పక్కన అతని పేరు, పైన నిన్నటి తేదీ. గజేందర్ వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. ఒకే ఒక్క పేరును అంతసేపు చదవడం నేనెక్కడా చూడలేదు.

"నిన్ననే రాసినవా?"

"నిన్ననే."

"మరి గయాజ్ పేరు యాడ రాస్తవ్?"

"తెల్వది."

"దీన్ని కొట్టెయ్యకు," అన్నాడు. పుస్తకం మూసి నా జేబులో తనే పెట్టాడు. "అబద్ధమైనా మంచిదే."

కమాలుద్దీన్ ఈల వేశాడు. పికింగ్ అయ్యాక జట్లు ఒక పది నిమిషాలు ఆడి చూసుకోవడం మామూలు. గజేందర్ హెల్మెట్‌ను గీత అవతల పెట్టి, కర్ర తీసుకుని మా గోల్ ముందుకు వెళ్లాడు. మంచు తెర మళ్లీ ఒకటి వచ్చి అతన్ని కప్పేసింది. రత్నాకర్ మనుషులు బంతిని తోసుకుంటూ అందులోకి పోయారు. నాకేమీ కనబడలేదు. గట్టిగా కొట్టిన చప్పుడు ఒకటి, వెంటనే దానికి బదులుగా ఇంకో చప్పుడు, మెత్తగా, గోల్‌కు ఇవతలే. బంతి ఆ తెలుపులోంచి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ సాయంత్రం పేజీ నింపాను. రెండు నుంచి ఏడు దాకా ఆరుగురు. ఎనిమిది పక్కన గజేందర్. ఒకటి పక్కన ఉన్న పేరును కొట్టేయలేదు. గయాజ్ పేరుకు వరుస మిగల్లేదు. వచ్చే ఏడు కమాలుద్దీన్ పాతవి తీయమన్నప్పుడు లెక్క కుదరదు: మొదట లేపిందీ చివర లేపిందీ ఒక్కడినే ఎలా అని ఎవరో అడుగుతారు.

పై అరలోని హెల్మెట్‌ను శనివారం దించాను. రంపం పక్కన పెట్టుకుని చాలాసేపు దాన్ని తిప్పి చూశాను. తర్వాత కోశాను.